రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లు దగ్గు రాతిదుమ్ము వల్లేననుకుంటారు. ఆ దుమ్మే టీబీ ముప్పును పెంచుతుంది. దగ్గు 2 వారాలు దాటితే సిరప్పులు మార్చుకుంటూ కూర్చోకండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లి తెమడ పరీక్ష అడగండి, ఉచితం. ఏం పని చేస్తారో కూడా డాక్టరుకు చెప్పండి.

తెమడ సరిగ్గా ఇవ్వడమే ముఖ్యం. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట, ఎవరూ దగ్గర లేనిచోట నిలబడండి. రెండుమూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి డబ్బాలో ఉమ్మండి. చిక్కగా 2 మిల్లీలీటర్లయినా ఉండాలి. పల్చటి ఎంగిలి ఇస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. మూత బిగించి అదేరోజు ఇచ్చేయండి.

ముందే లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు వాడితే టీబీ తాత్కాలికంగా అణిగి, నిర్ధారణ ఆలస్యమవుతుంది. వాడి ఉంటే దాచొద్దు. దగ్గులో రక్తం పడితే, ఆయాసమొస్తే 2 వారాలు ఆగక్కర్లేదు, వెంటనే వెళ్లండి.