కల్లు మండువ చరిత్ర రాయాలంటే

మాది నకిరేకల్ దగ్గరి పల్లె. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. మద్యనిషేధ కాలంలో మా ఊరి కల్లు మండువ, అంటే కల్లు అమ్మే చోటు, ఎలా నడిచిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. మీ ఊరిదీ రాయండి, చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

ముందు మూడు సంవత్సరాలను పేజీ పైన రాసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. 1995 చట్టం కల్లును నిషేధించలేదు. ఈ తేడా తెలియకుండా ప్రశ్నలు అడిగితే జవాబులు కలగాపులగమవుతాయి.

పెద్దలను సంవత్సరం అడగకండి, గుర్తుండదు. "సారా దుకాణం మూసినప్పుడు మీ పెద్దబిడ్డ ఎంత ఉండేది?" అని అడగండి. మా పెద్దమ్మ వెంటనే "బడికి పోతుండె" అంది. అక్కడి నుంచి లెక్క కట్టాను.

తరువాత పనిముట్ల దగ్గర కూర్చోండి. మోకు (చెట్టెక్కే తాడు), ముత్తాదు (నడుముకు కట్టుకునేది), లొట్టి (కల్లు కుండ), గీత కత్తి చేతికిచ్చి మాట్లాడించండి. నాన్న మోకు పట్టుకోగానే ఏ చెట్టు ఎంత పారేదో, ఏ చెట్టు మీద నుంచి ఎవరు పడ్డారో చెప్పుకుంటూ పోయాడు. ఒక సాయంత్రమంతా రాసినా తరగలేదు. ఆ పేజీలే నాకు అన్నిటికన్నా విలువైనవి.

గీత కార్మిక సహకార సంఘం పాత రిజిస్టర్లుంటే అనుమతి తీసుకుని ఫోటో తీయండి.

ఆడవాళ్లను వేరుగా, వంటింటి దగ్గర అడగండి. సారా ఆగినప్పుడు ఇంట్లో ఏం మిగిలిందో వాళ్లకే తెలుసు.