బీజీయ భిన్నాలను గుణించి సూక్ష్మీకరించడం

భిన్నాల గుణకారంలో లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించాలి. సంకలనంలో మాదిరిగా క.సా.గు. అవసరం లేదు. అయితే ముందే గుణించేసి పెద్ద సంఖ్యలతో కుస్తీ పట్టడం కన్నా, ఉమ్మడి కారణాంకాలను మొదట కొట్టివేయడమే మేలు.

క, చ అనేవి సున్నా కాని చరరాశులనుకొని (6క²/5చ) × (10చ³/9క) అనే లెక్కను చూద్దాం. 6, 9లను 3తో భాగిస్తే పైన 2, కింద 3 మిగులుతాయి. 10లో 5 రెండుసార్లు పోతుంది కనుక పైన మరో 2 వస్తుంది. ఒకే భూమి గల ఘాతాలను భాగించేటప్పుడు ఘాతాంకాలను తీసివేస్తాం కాబట్టి క²లో ఒక క పోయి క, చ³లో ఒక చ పోయి చ² మిగులుతాయి. జవాబు 4కచ²/3.

క = 3, చ = 1 అని ప్రతిక్షేపిస్తే ఇచ్చిన సమాసం (54/5) × (10/27), అంటే 4 అవుతుంది; జవాబులోనూ 4 వస్తుంది. పరీక్షలో ఈ సరిచూపుకు అర నిమిషం చాలు.

చాలామంది తడబడేది కూడిక ఉన్నచోట. (క + 6)/6లో 6ను కొట్టివేయకూడదు, ఎందుకంటే అది లవంలో పదమే తప్ప కారణాంకం కాదు. (6క + 12)/6 అయితే లవాన్ని 6(క + 2)గా రాశాక 6ను నిశ్చింతగా కొట్టివేయవచ్చు.