పోకెమాన్ కార్డులు చదవడం – మూడో పాఠం: ఏ ముద్రణో గుర్తుపట్టడం

గత పాఠంలో పాత కార్డు కుడివైపు కింది మూలను చదివాం. నల్లటి వృత్తం ఉంటే సాధారణమైనది, వజ్రం ఉంటే అంత సులువుగా దొరకనిది, నక్షత్రం ఉంటే అరుదైనది. పక్కనున్న అంకెల్లో మొదటిది కార్డు సంఖ్య, రెండోది ఆ సెట్‌లోని మొత్తం కార్డులు.

ఆ రెండో అంకెను తేలిగ్గా తీసుకోకండి. రెక్కలు చాచిన చారిజార్డ్ అనే పోకెమాన్ అదే బొమ్మతో తొలినాళ్ల సెట్లలో మూడింటిలో వచ్చింది. 1999 నాటి మొదటి ఇంగ్లిష్ సెట్‌లో, అంటే బేస్ సెట్‌లో, దాని సంఖ్య 4/102. 'బేస్ సెట్ 2'లో 4/130, 'లెజెండరీ కలెక్షన్'లో 3/110. బొమ్మ మీదే చూపు నిలిపితే మూడూ ఒకటే అనిపిస్తాయి. సేకరణ మొదలుపెట్టిన రోజుల్లో నేను వీటిని ఒకే వరుసలో పెట్టుకున్నాను. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఇక ఈనాటి విషయం. చేతిలో ఉన్నది 102 కార్డుల బేస్ సెట్‌దే అనుకుందాం. అది ఎప్పటి ముద్రణ? ముందు బొమ్మ చట్రం కింద ఎడమ పక్కన చూడండి. నల్లటి చిన్న వృత్తంలో 1 అంకె ఉంటే మొదటి ముద్రణ. ఆ గుర్తు లేకపోతే చట్రం కుడి అంచును గమనించండి. చట్రం కార్డు మీద నుంచి కాస్త పైకి లేచినట్టు అక్కడ సన్నని నీడ కనిపిస్తే అది తరువాతి సాధారణ ముద్రణ. నీడ లేకపోతే అంతకు ముందుది. సేకర్తలు దాన్ని 'షాడోలెస్' అంటారు.

నీడ విషయంలో కన్ను మోసపోవచ్చు. మసక వెలుతురులో, ప్లాస్టిక్ తొడుగులో నుంచి చూస్తే మరీను. అప్పుడు అట్టడుగున ఉన్న హక్కుల (కాపీరైట్) వాక్యం చదవండి. షాడోలెస్ కార్డు మీద నింటెండో పేరుకు ముందు 1995, 96, 98, 99 అని ఉంటుంది. సాధారణ ముద్రణలో ఆ వరుస 98తో ఆగిపోతుంది. ట్రైనర్ కార్డులకు, అంటే పోకెమాన్ బదులు ఆటలో సాయపడే కార్డులకు, నీడ పరీక్ష పనికిరాదు కాబట్టి వాటికి ఈ సంవత్సరాలే ఆధారం. భూతద్దం దగ్గర పెట్టుకోండి, అక్షరాలు చాలా చిన్నవి.

ఇక్కడే ఇంకో మెలకువ పట్టుబడుతుంది. బేస్ సెట్ మొదటి ముద్రణలో నీడ ఉండదు. కాబట్టి ఆ సెట్ కార్డు మీద మొదటి ముద్రణ గుర్తూ ఉండి, నీడా ఉంటే ఆ గుర్తును ఎవరో తరువాత వేశారేమోనని అనుమానించాలి. మినహాయింపు ఒక్కటే, మచాంప్ అనే పోకెమాన్ కార్డు. ఇద్దరు ఆడుకునే ప్రారంభ పెట్టెలో వచ్చిన ఆ కార్డు మీద నీడ ఉన్నా గుర్తు అసలైనదే. ఈ సూత్రాన్ని బేస్ సెట్ తరువాత వచ్చిన జంగిల్, ఫాసిల్ సెట్లకు మాత్రం వర్తింపజేయవద్దు. వాటి మొదటి ముద్రణలో కూడా నీడ ఉంటుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న పాత కార్డుల్లో ఐదింటిని తీసి, బొమ్మను కాగితంతో కప్పి, సెట్టూ ముద్రణా రాసుకోండి. తరువాతే కాగితం తీయండి.

'టీమ్ రాకెట్' సెట్‌లోని డార్క్ రైచు మీద 83/82 అని ఉంటుంది. మొత్తం 82 అయినప్పుడు 83వ కార్డు ఎలా వచ్చిందో నాలుగో పాఠంలో చూద్దాం.