డబ్బు కట్ అయింది, అవతల పడలేదు: నగదు లేని చెల్లింపుల్లో వచ్చే చిక్కులు, బయటపడే దారులు

నోటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తే అక్కడితో లావాదేవీ ముగిసినట్టే. ఇచ్చినవాళ్లకీ తెలుసు, పుచ్చుకున్నవాళ్లకీ తెలుసు. ఫోన్‌తోనో కార్డుతోనో కట్టినప్పుడు అలా కాదు. మనం బటన్ నొక్కాక, అవతలి ఖాతాలో డబ్బు పడేలోపు ఎన్నో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఎక్కడ మాట తెగినా టెన్షన్ మాత్రం మనకే. ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే చిక్కులు ఇక్కడ రాస్తున్నాను. చెల్లింపు ఆగిపోవడం వల్ల డబ్బు పోయినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఆగిపోయిన ఆ నిమిషంలో తొందరపడి పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

సమస్య: డబ్బు కట్ అయింది, అవతలివాళ్లకు పడలేదు

మీ ఫోన్‌కి డబ్బు తగ్గినట్టు మెసేజ్ వచ్చేసింది. అవతలి మనిషి తన ఫోన్ చూసుకుని "రాలేదండీ" అంటున్నాడు.

ఒకసారి మందుల షాపులో నాకూ ఇదే జరిగింది. స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. వెనక నలుగురు నిలబడ్డారు, ఒకాయన మందుల చీటీ పట్టుకుని నా భుజం మీదుగా చెయ్యి చాపుతున్నాడు. కంగారులో యాప్ మూసేసి, మళ్లీ తెరిచి, ఇంకోసారి కట్టాను. పది నిమిషాలకి, రోడ్డు మీద నడుస్తుండగా, మొదటిది కూడా వెళ్లినట్టు మెసేజ్ వచ్చింది. వెనక్కి వెళ్లి అడిగితే రాత్రి లెక్క చూసి ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. అదే ఊరు కాని ఊళ్లో అయితే ఆ డబ్బు కోసం ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చేదో.

కారణం: మీ బ్యాంకు ముందు మీ ఖాతాలోంచి డబ్బు తీసేసి, ఆ తర్వాతే అవతలి బ్యాంకుకి "ఇంత జమ చేయండి" అని కబురు పంపుతుంది. ఆ వరస మార్చడానికి లేదు, మారిస్తే ఖాతాలో లేని డబ్బు కూడా బయటికి వెళ్లిపోతుంది. కబురు వెళ్లాక జవాబు రాలేదనుకోండి. కబురు అసలు చేరలేదా, చేరి జమ కూడా అయ్యాక జవాబు ఒక్కటే దారిలో ఆగిపోయిందా అన్నది మీ బ్యాంకుకి ఆ క్షణంలో తెలియదు. తెలియకుండా మీ డబ్బు మీకు వెనక్కి వేసేస్తే ఒకే డబ్బు రెండుచోట్ల ఉన్నట్టవుతుంది. అందుకే దాన్ని పెండింగ్‌లో పెడుతుంది. రెండు వైపులా లెక్కలు సరిచూసుకున్నప్పుడు గానీ అది తేలదు.

పరిష్కారం: మళ్లీ కట్టే ముందు యాప్‌లో హిస్టరీ తెరవండి. "ఫెయిల్" అని ఉంటే ఇంకోసారి కట్టొచ్చు. "సక్సెస్" అని ఉంటే అవతలివాళ్లను మెసేజ్ కోసం చూడొద్దని చెప్పి, వాళ్ల ఖాతానే తెరిచి చూడమనండి. మెసేజ్‌లు ఆలస్యంగా రావడం మామూలే. "పెండింగ్" అని ఉంటేనే జాగ్రత్త. ఆ లావాదేవీకి ఒక రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అవతలివాళ్లకి చూపించి, "ఇది కూడా వస్తే వెనక్కి వేయాలి" అని మాట తీసుకున్నాకే నగదుగానో మరో విధంగానో కట్టండి. బ్యాంకుకి ఫిర్యాదు చేసేటప్పుడు కూడా మీ చేతిలో ఉండాల్సింది ఆ నంబరే. నంబర్, తేదీ, టైమ్, ఎంత కట్టారన్నది, ఈ నాలుగూ ఉంటే వాళ్లు నిమిషంలో వెతికి పట్టుకుంటారు.

అమ్మేవాళ్లకి కూడా ఒక మాట. కొన్నవాళ్లు చూపించే "చెల్లింపు పూర్తయింది" అనే స్క్రీన్‌ని నమ్మి సరుకు ఇవ్వకండి. అలాంటి స్క్రీన్‌ని అచ్చంగా చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. మీ ఖాతాలో కనపడిందే మీ డబ్బు.

సమస్య: కార్డు తీసుకోవడం లేదు

ట్యాప్ చేస్తే పలకకపోవడానికి చాలాసార్లు కారణం చిన్నది. కార్డులోని తీగచుట్టకీ (యాంటెన్నా) మెషీన్‌కీ మధ్య మాట 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తుంది, అది కొద్ది సెంటీమీటర్ల దూరం దాకానే అందుతుంది. పర్సులో రెండు కార్డులు కలిసి ఉంటే రెండూ ఒకేసారి జవాబిస్తాయి, మెషీన్ తికమకపడుతుంది. కార్డు బయటికి తీసి, ఆనించి, శబ్దం వచ్చేదాకా కదపకండి. ఫోన్‌తో ట్యాప్ చేసేవాళ్లు వెనక లోహపు కవరు ఉంటే తీసేయండి. కొన్ని ఫోన్లలో ఆ తీగచుట్ట పై అంచు దగ్గర ఉంటుంది, చాలావాటిలో వెనక మధ్యలో ఉంటుంది. మీది ఎక్కడుందో ఒక్కసారి కనుక్కుంటే చాలు.

నిన్నటిదాకా పిన్ లేకుండా పనిచేసిన ట్యాప్ ఇవాళ పిన్ అడిగితే భయపడొద్దు. దొంగిలించిన కార్డుతో వరసగా ట్యాప్ చేసుకుంటూ పోకుండా పెట్టిన అడ్డు అది. యూరప్ నిబంధనల్లో పిన్ లేని ట్యాప్ ఒక్కోసారికి 50 యూరోల వరకే, అదీ వరసగా 5 సార్లు లేదా మొత్తం 150 యూరోలు దాటితే పిన్ కొట్టాల్సిందే. మిగతాచోట్ల అంకెలు వేరు, పద్ధతి ఇదే.

మెషీన్ తిరస్కరిస్తే రసీదు మీద వచ్చే కోడ్ చూడండి. 51 అంటే ఖాతాలో చాలినంత లేదు. 54 అంటే కార్డు గడువు తీరిపోయింది. 55 అంటే పిన్ తప్పు, ఇక ఊహించి కొట్టకండి, మూడోసారికి చాలా బ్యాంకులు కార్డు ఆపేస్తాయి. 91 వస్తే మీ తప్పేమీ లేదు, మీ బ్యాంకు సర్వర్ పలకడం లేదు. 05 మాత్రం కారణం చెప్పకుండా వద్దనడం, దానికి బ్యాంకుకి ఫోన్ చేయాల్సిందే.

అసలు యాప్ తెరుచుకోకపోతే ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. సర్వర్ నిజమైనదేనా అని ఫోన్ సరిచూసుకునే డిజిటల్ పత్రాలకి గడువు ఉంటుంది. తేదీ తప్పితే ఆ పత్రాలన్నీ చెల్లనట్టు కనిపిస్తాయి. చాలామందికి తట్టని కారణం ఇది.

సమస్య: ఖాతాలో డబ్బుంది, వాడుకోవడానికి లేదంటోంది

హోటల్ గది, అద్దె కారు, పెట్రోల్ బంకు. ఇలాంటిచోట చివరి బిల్లు ముందుగా తెలియదు కాబట్టి వాళ్లు కొంత మొత్తాన్ని కార్డు మీద పట్టి ఉంచుతారు. డబ్బు మీ ఖాతాలోనే ఉంటుంది, తాళం మాత్రం పడుతుంది. అసలు బిల్లు కట్టాక ఆ తాళం తీయడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఎంత పట్టి ఉంచుతారో, ఎప్పుడు వదులుతారో ముందే అడగండి. నెల గడవడానికి ఉన్న ఒక్క ఖాతా కార్డుని ఇలాంటిచోట ఇవ్వకపోవడమే మేలు.

సమస్య: స్కాన్ చేశాను, ఎవరికో వెళ్లిపోయింది

క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థ కారు విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. అది మెషీన్ చదవడానికి పుట్టింది, మనిషి కంటికి ఏ కోడ్ చూసినా ఒకటే. మోసగాళ్లకి కలిసొచ్చింది అదే. 2022 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో పార్కింగ్ మీటర్ల మీద ఎవరో దొంగ స్టిక్కర్లు అంటించి పోయారు. స్కాన్ చేసినవాళ్లు నకిలీ పేజీలో కార్డు వివరాలు ఇచ్చుకున్నారు.

స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉందేమో అంచు గోటితో తడిమి చూడండి. స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు చదివి, ఎదుటి మనిషిని "ఈ పేరేనా?" అని పైకే అడగండి. రెండు సెకన్ల పని.

పొరపాటున వేరేవాళ్లకి వెళ్తే వెంటనే బ్యాంకుకి చెప్పాలి. మనమే పంపిన డబ్బుని అవతలివాళ్ల ఒప్పుదల లేకుండా వెనక్కి లాగడం బ్యాంకుకి కష్టం, డబ్బు ఖర్చయిపోకముందే పట్టుకోవడం ముఖ్యం. దీనికి తిరగబడ్డ మోసం ఇంకోటుంది. "పొరపాటున మీకు పంపాను, తిరిగి పంపండి" అని ఎవరో ఫోన్ చేస్తారు. కావాలంటే బ్యాంకు ద్వారా అడగమనండి, మీరు నేరుగా పంపకండి. ఇంకో సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే డబ్బు బయటికి పోతున్నట్టే.

సమస్య: నెల తిరక్కుండానే డబ్బు అయిపోతోంది, ఎక్కడ పోయిందో తెలియడం లేదు

దీన్ని చెల్లింపు సమస్యగా ఎవరూ లెక్కపెట్టరు. నా మటుకు నాకు అన్నిటికంటే పెద్దది ఇదే. ఎందుకంటే ఇక్కడ ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించే తెర ఉండదు. ప్రతి చెల్లింపూ సజావుగానే జరుగుతుంది.

పర్సు తెరిచి, నోట్లు లెక్కపెట్టి, ఒకటి తీసి ఇస్తుంటే మనసుకి చిన్న నొప్పి కలుగుతుంది. మిగిలిన నోట్లు ఎన్నో కంటికి కనిపిస్తాయి. ఫోన్‌లో ఆ నొప్పీ లేదు, ఆ చూపూ లేదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ విద్యార్థులతో ఆటల టికెట్ల వేలం పెట్టి చూశారు. కార్డుతో కట్టాలని చెప్పినవాళ్లు, నగదుతో కట్టాలని చెప్పినవాళ్ల కంటే దాదాపు రెట్టింపు దాకా పాడారు. టికెట్లు అవే, మనుషులూ అలాంటివాళ్లే, కట్టే పద్ధతి ఒక్కటే తేడా.

కాబట్టి ఆ కంటి లెక్కని మళ్లీ తెచ్చుకోవాలి. నేను చేస్తున్నది ఇది: జీతం పడగానే ఇంటి ఖర్చుకి కావాల్సినంత వేరే ఖాతాలోకి మార్చేస్తాను. ఫోన్ చెల్లింపులన్నీ ఆ ఖాతా నుంచే. అందులో మిగిలింది చూస్తే పర్సు తెరిచినట్టే ఉంటుంది. ప్రతి ఆదివారం పది నిమిషాలు కూర్చుని వారం హిస్టరీ పైనుంచి కిందికి చదువుతాను. అలా చదువుతుంటేనే ఎప్పుడో చేరి మర్చిపోయిన నెలవారీ చందాలు రెండు బయటపడ్డాయి. వాటిని ఆపేటప్పుడు యాప్ తీసేస్తే సరిపోదు, చందా రద్దు చేయాలి, బ్యాంకులో ఇచ్చిన ఆటోపే అనుమతినీ తీసేయాలి.

సమస్య: ఎవరి ఫోనూ, ఎవరి కార్డూ పనిచేయడం లేదు

2018 జూన్ 1న యూరప్ అంతటా వీసా కార్డులు మొరాయించాయి. ఒక డేటా సెంటర్‌లో కంప్యూటర్లని కలిపే ఒక స్విచ్ సగం పాడైంది. పూర్తిగా పాడైతే రెండోది వెంటనే అందుకునేది, సగమే పాడవడంతో పని చిక్కుపడి 52 లక్షల లావాదేవీలు ఆగాయి. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం కంపెనీ నెట్‌వర్క్ పడిపోతే దాంతోపాటు డెబిట్ చెల్లింపులూ ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో కరెంటు పోతే నోట్లు ఉన్నవాళ్లే ఏదైనా కొనుక్కోగలిగారు.

ఇలాంటప్పుడు మీరు బాగుచేయగలిగింది ఏమీ లేదు, ముందే సిద్ధంగా ఉండాలి అంతే. నెదర్లాండ్స్ కేంద్ర బ్యాంకు 2025లో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 70 యూరోలు, పిల్లలు ఒక్కొక్కరికి 30 యూరోల చొప్పున మూడు రోజులకి సరిపడా నగదు ఇంట్లో ఉంచుకోమని ప్రజలకి సూచించింది. మీ ఇంటికి మూడు రోజులకి ఎంత కావాలో మీరే లెక్క వేసుకోండి. అందులో చిన్న నోట్లు, చిల్లర ఎక్కువ ఉండాలి, ఆ రోజు చిల్లర ఇచ్చేవాళ్లు దొరకరు. రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఒక బ్యాంకు సర్వర్ డౌన్ అయినా ఇంకోటి ఆదుకుంటుంది.

సమస్య: ఇంట్లో పెద్దవాళ్లు దీనికి దూరంగా ఉండిపోతున్నారు

మా అమ్మ చాలాకాలం నాకు నోట్లు ఇచ్చి, "నువ్వే కట్టు నాన్నా" అనేది. చేతకాక అలా అంటోందనుకున్నాను. ఒకరోజు అడిగితే, "కంటికి కనపడని డబ్బు ఎంతుందో, ఎంత పోయిందో నాకెలా తెలుస్తుంది?" అంది. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నేను చూపించింది మాత్రం బటన్లు.

కారణం ఎక్కువగా మనలోనే ఉంటుంది. ఫోన్ వాళ్ల చేతిలోంచి లాక్కుని, టకటకా నొక్కేసి, "అయిపోయింది" అంటాం. ఏం జరిగిందో చెప్పం. పైగా వాళ్ల పిన్ మన దగ్గర పెట్టుకుంటాం. పిన్ ఇంకొకరికి చెబితే, రేపు మోసం జరిగినప్పుడు బ్యాంకు దగ్గర వాళ్ల వాదనే బలహీనపడుతుంది. సాయం కావాలంటే జాయింట్ ఖాతా తెరవండి, బ్యాంకులో అధికారం రాయించుకోండి.

అమ్మకి వేరే ఖాతా తెరిచి కొద్ది మొత్తం వేశాం, రోజువారీ పరిమితి తగ్గించాం, అక్షరాలు పెద్దవి చేశాం. ఖాతాలో ఎంత ఉన్నా ఒక రోజులో పోయేది ఆ పరిమితికి మించదని తెలిశాక భయం తగ్గింది. మొదటి నెల నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. తప్పు నొక్కినా అందుకోలేదు, వెనక్కి ఎలా రావాలో నోటితో చెప్పానంతే.

కొన్నిచోట్ల నగదు వద్దంటారు. ఆ పద్ధతి మనుషుల్ని బయట నిలబెడుతుందని గుర్తించి నార్వేలో 2024 అక్టోబరు నుంచి నగదుతో కట్టే హక్కుని చట్టంలో గట్టిపరిచారు. న్యూయార్క్ నగరం 2020లోనే నగదు వద్దనే దుకాణాలకి అడ్డుకట్ట వేసింది. మీరున్నచోట నియమం ఏమిటో కనుక్కుని పెద్దవాళ్లకి చెప్పండి, అడిగే ధైర్యం వస్తుంది.

అమ్మ ఇప్పుడు తనే కడుతుంది. పేరు పైకి చదువుతుంది, పిన్ కొడుతుంది, అవతలివాళ్లు "వచ్చిందమ్మా" అనేదాకా కదలదు. ఇంటికొచ్చాక పాత లెక్కల పుస్తకంలో తేదీ వేసి, కట్టింది రాసి, కింద మిగిలింది రాసుకుంటుంది. పర్సులో నోట్లు కూడా అలాగే ఉన్నాయి, వాటిని తీసేయమని నేనెప్పుడూ చెప్పలేదు.