జీఐ పైపు వెల్డింగ్‌కు ముందు

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో పనిచేసేవాళ్లకు ఇది తెలిసిందే: పగలంతా జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) వెల్డింగ్, రాత్రికి చలిజ్వరం, నోట్లో ఇనుప రుచి. అది జింకు పొగ జ్వరం. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

- అతికే చోట జింకు పూతను ముందే గ్రైండ్ చేసి తీసేయండి. అప్పుడు కూడా మాస్కు, కళ్లద్దాలు ఉండాల్సిందే.
- మూతికి కట్టిన కర్చీఫ్ పొగను ఆపదు. లోహపు పొగకు పనికొచ్చే రెస్పిరేటర్ కావాలి.
- షట్టర్ పూర్తిగా ఎత్తండి. పొగ మొహం మీదికి రాకుండా పక్కకి నిలబడండి.
- పాలు తాగితే పొగ కడుక్కుపోతుందంటారు మేస్త్రీలు. తాగండి, మంచిదే. ఊపిరితిత్తుల్లోకి మాత్రం పాలు పోవు.
- చేతులు కడుక్కున్నాకే చాయ్.

ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. ఏ లోహం వెల్డింగ్ చేశారో డాక్టరుకు ముందే చెప్పండి.