కారు మీద చెట్టు బంక: పెయింటు చెడకుండా తీయడం ఎలా?

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో మా వీధి చెట్లు దాదాపు అన్నీ కూలిపోయాయి. ఆ తర్వాత నాటిన మొక్కలే ఇప్పుడు కార్లకు నీడనిచ్చేంత చెట్లయ్యాయి. వైజాగ్ ఎండలో ఆ నీడ దొరకడమే అదృష్టం. కాకపోతే నీడతో పాటు బంక కూడా పడుతుంది.

మా కారుకే కాదు, పక్క ఫ్లాట్ల వాళ్ల కార్లకు, మా బావగారి కారుకు కూడా ఆ బంక తీసేది నేనే. ఎన్నిసార్లు తీశానో లెక్క పెట్టలేదు. చాలాసార్లు నన్ను పిలిచేసరికే బంక పోయి ఉంటుంది, దాని చోట అరచేయంత మేర గీతల మచ్చ ఉంటుంది. మొన్న వేసవిలో కింది ఫ్లాటాయన ముదురు నీలం కారు బానెట్‌ని గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రుద్దించారు. "గట్టిగా రుద్దితే పోద్దండి" అని వాచ్‌మన్ చెప్పాడట. బంకతో పాటు పైన మెరుపు కూడా పోయింది. కొని ఆరు నెలలు కాలేదు. చూసి నాకు చాలా బాధేసింది. బంకను ఎవరైనా ఇంట్లోనే తీసుకోవచ్చు. ఆ గీతలు పోవాలంటే మాత్రం పాలిష్ పెట్టించాలి, డబ్బు పోయాల్సిందే.

కారు రేకు మీద ముందు ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఈ పైపొర మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కన్నా పలచన. మెరుపంతా దాన్నుంచే వస్తుంది. రుద్దిన ప్రతిసారీ అరిగేది అదే. పాలిష్ పెట్టించినా అరిగేది అదే. అందుకే రుద్దకుండా తీయమని ఇంత పట్టుబడతాను.

ముందు పడింది ఏమిటో చూడండి

అన్నిటికీ ఒకే మందు వేయడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. వేప బంక తుమ్మ జిగురు లాంటిదే, నీళ్లలో కరుగుతుంది. ఎండి రాయిలా గట్టిపడినా సరే, నానబెడితే మెత్తబడుతుంది. దానికి కెమికల్ ఏదీ అక్కర్లేదు.

మామిడి కింద పడేవి రెండు రకాలు. సంక్రాంతి దాటి పూత నిండుగా ఉన్న రోజుల్లో కారంతా సన్నగా చక్కెర పాకం చల్లినట్టు అంటుకుంటుంది. అది చెట్టు కార్చింది కాదు. పూత మీద రసం పీల్చే తేనెమంచు పురుగు విసర్జించే తీపి ద్రవం. గోరువెచ్చని నీళ్లు, కారు షాంపూ చాలు, పోతుంది. వారాల తరబడి వదిలేస్తే మాత్రం దాని మీద నల్లగా మసిలాంటి బూజు పడుతుంది. రెండోది సొన. తొడిమ తుంచగానే చిమ్మే ఆ సొన చేతి మీద పడితే చర్మం పొక్కుతుంది, కాయ మీద పడితే తొక్క నల్లబడుతుంది. పెయింటు మీద పడిందని తెలిస్తే సాయంత్రం చూద్దాంలే అనుకోకుండా వెంటనే కడిగేయండి. ఎండిపోతే నీళ్లకు లొంగదు, స్పిరిట్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కావాలి.

పనస, మర్రి, రావి పాలు ఇంకో జాతి. పనసకాయ కోసేముందు మన ఇళ్లలో చేతికి, కత్తికి నూనె ఎందుకు రాస్తారో గుర్తు తెచ్చుకోండి. కారు మీదా అదే సూత్రం. కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేసి పావుగంట వదిలేస్తే ఆ పాలు పట్టు వదులుతాయి.

ఏ చెట్టుదో తెలియకపోతే ముందు వేడినీళ్లు, తర్వాత నూనె, ఆఖరున స్పిరిట్. ఈ వరస మార్చకండి.

కావలసినవి

తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు, రెండు బకెట్లు, కారు షాంపూ, కొబ్బరినూనె, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా, వాక్స్ డబ్బా. గుడ్డలు తెల్లవే కావాలి. మురికి ఎంత వచ్చిందో, రంగు ఊడి వస్తోందో లేదో తెలుపు మీదే కనిపిస్తుంది. ఆల్కహాల్ దొరక్కపోతే శానిటైజర్ జెల్ పనికొస్తుంది. తొందరగా ఆరిపోకుండా మరక మీదే నిలబడుతుంది కాబట్టి నిలువుగా ఉండే డోరు మీద నాకు అదే నచ్చుతుంది.

కడగడం

పొద్దున ఆరున్నర, ఏడు మధ్య, నీడలో మొదలుపెట్టండి. ఎండ ఎక్కాక బానెట్ మీద నీళ్లు, షాంపూ, స్పిరిట్ అన్నీ పని చేసేలోపే ఆరిపోతాయి. ముందు పైపుతో ధారగా నీళ్లు కొట్టి దుమ్ము దింపండి. బీచ్ రోడ్డు వైపు తిరిగే కార్ల మీద ఉప్పు, సన్నటి ఇసుక ఉంటాయి. వాటి మీద నేరుగా గుడ్డ వేస్తే గరుకు కాగితం వేసినట్టే. ఒక బకెట్‌లో షాంపూ, రెండో దాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. కడిగి తుడిచేయండి. మరకలు తప్ప ఇంకేమీ మిగలకూడదు.

మెత్తబరిచి ఎత్తడం

అసలు పని ఇదే, చెడిపోయేదీ ఇక్కడే. తొందరగా చదివి వెళ్లిపోకండి.

స్నానానికి పెట్టుకునేంత వేడి నీళ్లు తీసుకోండి. మరిగే నీళ్లు వద్దు. గుడ్డను అందులో ముంచి, కొద్దిగా పిండి, మరక మీద పరిచి వదిలేయండి. జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు వేయాలి, అదమకూడదు. చల్లారగానే మళ్లీ ముంచి వేయండి. ఇలా పది నిమిషాలు. ఈ పది నిమిషాల్లో చేతులు ఊరుకోవు, గోటితో ఒకసారి గీకి చూద్దామనిపిస్తుంది. గీకకండి. బంక పైన మెత్తగా ఉన్నా అడుగున ఇంకా గట్టిగానే ఉంటుంది. గోరు తగిలితే అది ముక్కై, ఆ ముక్క అంచే పెయింటును కోస్తుంది. పాత ఏటీఎం కార్డు, బ్లేడు, చెంచా కాడ, అన్నిటికీ ఇదే మాట. బ్లేడు వాడదగ్గది అద్దం మీద మాత్రమే, అదీ సబ్బునీళ్లు పోసి, బాగా వాల్చి పట్టుకుని.

పది నిమిషాల తర్వాత గుడ్డ మడతతో మరక అంచు నుంచి మధ్యకు నెమ్మదిగా తోయండి. మధ్య నుంచి బయటికి తోస్తే కరిగిన బంక శుభ్రంగా ఉన్న చోటికి కూడా పాకుతుంది. ఒక్కసారి తుడిచాక ఆ మడత మార్చేయాలి. బంక అంటిన మడతతో ఇంకోసారి తుడిస్తే అందులో చిక్కిన ఇసుక రేణువు గీత పెడుతుంది. ఆరు గుడ్డలు అన్నది అందుకే. వేప బంక అయితే సాధారణంగా ఇక్కడితోనే వచ్చేస్తుంది. రాకపోతే మరో పది నిమిషాలు నానబెట్టండి. నెలల తరబడి ఎండలో ఉడికిన బంకకు నాలుగుసార్లు పట్టినా ఆశ్చర్యపోకండి. బలం పెంచకండి, సమయం పెంచండి.

నీళ్లకు, నూనెకు లొంగనిదైతే స్పిరిట్. అయితే నేరుగా మరక మీద వేయకూడదు. డోరు తెరిచి, లోపలి అంచులో, బయటికి కనిపించని చోట గుడ్డతో ఒక్క చుక్క అద్ది అర నిమిషం ఉంచి తుడవండి. గుడ్డకు కారు రంగు అంటితే అక్కడితో ఆపేయండి. ఆ ప్యానెల్ ఎప్పుడో షెడ్డులో మళ్లీ రంగు వేయించింది అయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. అందుకే డోరు ఒక్కటే కాదు, ఏ ప్యానెల్ మీద మరక ఉందో ఆ ప్యానెల్ అంచునే పరీక్షించాలి. రంగు వేయించి రెండు మూడు నెలలు కూడా కాకపోతే స్పిరిట్ జోలికే వెళ్లకండి.

పరీక్షలో బాగుంటే చిన్న దూది ముక్కను స్పిరిట్‌తో తడిపి మరక మీద పెట్టి నలభై సెకన్లు లెక్కపెట్టండి. ఎత్తండి, తుడవండి, వెంటనే మంచినీళ్లతో తడిగుడ్డ వేయండి. మళ్లీ పెట్టాలంటే ప్యానెల్ మీద చెయ్యి వేసి చూసి, చల్లగా ఉంటేనే పెట్టండి. ఒక్కో మరకను విడిగా చూసుకోవాలి. పది మరకల మీద పది దూదులు పెట్టి వరసగా తీద్దామనుకుంటే మొదటి దాని దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది. దగ్గర్లో అగరుబత్తి, సిగరెట్ ఉండకూడదు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ మీద, నల్లటి ప్లాస్టిక్ అంచుల మీద, మ్యాట్ పెయింటు మీద ఇది వద్దు, అక్కడ వేడినీళ్లే.

బంక పోయాక దాని ఆకారంలో మసక గుర్తు ఒకటి మిగిలితే, దాని మీద వేలు పెట్టి చూడండి. ఎత్తుగా తగిలితే ఇంకా బంక ఉన్నట్టు, మళ్లీ నానబెట్టండి. నున్నగానే ఉండి మసకగా కనిపిస్తే బంక అయిపోయింది, పైపొర దెబ్బతిన్నట్టు. అక్కడ ఎంత తుడిచినా లాభం లేదు, పాలిష్ చేసేవాళ్లకు చూపించండి. ఈ తేడా తెలియకే చాలామంది లేని బంక కోసం పెయింటును అరగదీస్తారు.

ఊళ్లో చెప్పే మిగతా మందులు

థిన్నర్ రంగును కరిగించడానికే పుట్టింది, కారు మీదికి రానివ్వకండి. మా బావగారి కారు డోరు ఒకటి షెడ్డులో రంగు వేయించింది. దాని మీద థిన్నర్ గుడ్డ ఒక్కసారి తిప్పేసరికి గుడ్డంతా ఎరుపైపోయింది. మళ్లీ డోరంతా రంగు వేయించాల్సి వచ్చింది. పెట్రోలుకు మంట భయం. కిరోసిన్ తారును కరిగిస్తుంది, నిజమే, కానీ జిడ్డు పొర వదులుతుంది, దాని మీద దుమ్ము మళ్లీ చేరుతుంది. టూత్‌పేస్టులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. అందుకే పళ్లు మెరుస్తాయి, అందుకే పెయింటు గీతలు పడుతుంది. ఐసు పెట్టి గట్టిపరిచి పెళ్లగించే పద్ధతి ఒకటుంది. గుడ్డకో కార్పెట్‌కో బాగుంటుంది గానీ, పెయింటు మీద గట్టి ముక్కను పెళ్లగించడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఎంత చూసినా నానబెట్టడాన్ని మించింది నాకు కనిపించలేదు.

మిగతా మొండి మరకలు

రావి, మర్రి కింద నిలిపితే పాలకన్నా పిట్టల రెట్టలే ఎక్కువ. వాటిలో యూరిక్ యాసిడ్ ఉంటుంది, ఎండలో అది పైపొరను తింటుంది. కనిపించిన రోజే తడిగుడ్డ పరిచి ఐదు నిమిషాలాగి ఎత్తేయండి. పొడిగా గీకితే అందులోని గింజల పొట్టే గీతలు పెడుతుంది.

బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరనిస్తే తెల్లటి చుక్కలు పడతాయి. అవి నీళ్లలోని కాల్షియం లాంటి లవణాలు. వైట్ వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం దాటకుండా కడిగేయండి.

తారు చుక్కలకు కొబ్బరినూనె, ఓపిక. పాలు తీసినట్టే.

ఫ్యాక్టరీలుండే గాజువాక, మల్కాపురం వైపు, రైల్వే లైన్ల పక్కన నిలిపే కార్ల మీద, ముఖ్యంగా తెల్లవాటి మీద, నారింజ రంగు తుప్పు చుక్కలు కనిపిస్తాయి. చాలాసార్లు అది మీ కారు తుప్పు కాదు. గాలిలో వచ్చిన ఇనుప రజను పైపొరలో గుచ్చుకుని తుప్పు పట్టడం. కడిగితే పోదు. ఐరన్ రిమూవర్ అని అమ్ముతారు, చల్లితే ఊదారంగుకు తిరిగి రజను కరుగుతుంది. తర్వాత కూడా గరుకుగా తగిలితే క్లే బార్ అనే మెత్తటి బంకమన్ను లాంటి ముద్ద వాడాలి. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, బరువు పెట్టకుండా జరపాలి. క్లే ముక్క కింద పడిందంటే పారేయండి. ఎంత ఖరీదుదైనా సరే, దానికి అంటిన ఇసుక ఇక రాదు.

ఆఖరున వాక్స్

స్పిరిట్, నూనె తగిలిన చోటంతా మళ్లీ షాంపూతో కడిగి, ఆరాక వాక్స్ పలచగా రాయండి. స్పిరిట్ మరకతో పాటు పాత వాక్స్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి ఇది మానకూడదు. సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి మూడు నెలలకోసారి కారంతా రాయాలి. వాక్స్ ఉన్న పెయింటు మీద వేప బంక పడితే మరుసటి రోజు ఒక్క తడిగుడ్డతో వచ్చేస్తుంది. కవరు వేసే అలవాటుంటే ముందు కారు కడిగి వేయండి. దుమ్ము మీద వేసిన కవరు గాలికి కదిలి రాత్రంతా పెయింటును రాపిడి పెడుతూనే ఉంటుంది, మన బీచ్ గాలి సంగతి తెలిసిందే కదా.