ఫైనాన్షియల్ క్యాలిక్యులేటర్‌లో పవర్, లాగ్ లెక్కలు తప్పు పోకుండా ఎలా చేయాలి?

విశాఖ ద్వారకానగర్‌లో మేడ మీద ఓ అద్దె గదిలో ఆదివారాలు ఫైనాన్స్ లెక్కలు చెప్తుంటాను. పిల్లలకి సూత్రాలు నోటికి వచ్చు. కాగితం మీద ఒక్క లైనూ తప్పరు. మిషను చేతికిచ్చేసరికి మాత్రం పదిమందికి నాలుగు జవాబులు వస్తాయి. ఏళ్ల తరబడి అవే నాలుగు జవాబులు చూసి విసుగెత్తి ఇది రాస్తున్నాను.

కావలసింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి బీఏ 2 ప్లస్ క్యాలిక్యులేటర్. సీఎఫ్ఏ (పెట్టుబడుల విశ్లేషకులకి ఇచ్చే అర్హత) పరీక్షలో దీన్నీ, హెచ్‌పీ 12సీనీ, వాటి రకాల్నీ మాత్రమే రానిస్తారు. సీఆర్2032 బ్యాటరీ ఒకటి అదనంగా దగ్గర ఉంచుకోండి. ఫోన్లో యాప్ ఉంది కదా అంటారా? పరీక్ష హాల్లోకి ఫోనూ రాదు, దాంతో వేలికి అలవాటూ రాదు.

ముందు సెట్టింగులు. సెకండ్ కీ, తర్వాత చుక్క కీ నొక్కండి (దాని పైన ఫార్మాట్ అని రాసి ఉంటుంది). 9 నొక్కి ఎంటర్ కొట్టండి. నాలుగు దశాంశాలు చాలంటారు కొందరు. చాలవు, తొమ్మిదే పెట్టాలి. కింది బాణం నాలుగుసార్లు నొక్కితే చైన్ అని కనిపిస్తుంది. సెకండ్, ఎంటర్ కొడితే అది ఏఓఎస్‌గా మారుతుంది. సెకండ్, క్విట్‌తో బయటికి రండి. చైన్ కొట్టిన వరసలోనే లెక్కిస్తుంది, ఏఓఎస్ గుణకార భాగహారాలు ముందు చేస్తుంది. చైన్‌లో 2 + 3 × 4 కొడితే 20 వస్తుంది, ఏఓఎస్‌లో 14. బడిలో నేర్చుకున్న బాడ్‌మాస్ రెండోదే. ఎవరైనా రీసెట్ కొట్టారంటే మళ్లీ రెండు దశాంశాలు, చైన్. అప్పుడు ఇదంతా తిరిగి చేసుకోవాలి.

వర్గమూలం, లాగ్, వన్ బై ఎక్స్ లాంటి కీలకి పద్ధతి ఒక్కటే: అంకె ముందు, కీ తర్వాత. 8 శాతం చక్రవడ్డీతో డబ్బు ఎన్నేళ్లకి రెట్టింపవుతుంది? 2 ఎల్ఎన్ ÷ 1.08 ఎల్ఎన్ = (ఈ మిషను మీద లాగ్ కీ పేరు ఎల్ఎన్). తెర మీద 9.006 చిల్లర వస్తుంది. 72ని వడ్డీ రేటుతో భాగించే మన పాత చిట్కా 9 అంటుంది, సరిపోయింది. ఈ భాగంలో ఎవరూ పెద్దగా తప్పు పోరు.

గోల అంతా పవర్ కీ (వై మీద ఎక్స్ రాసి ఉన్నది) దగ్గరే. ఏడాదికి నికరంగా 12 శాతం వచ్చే పెట్టుబడికి నెలవారీ రేటు కావాలనుకుందాం. 1.12కి పన్నెండో మూలం తీయాలి, అంటే 1.12 పవర్ 1/12. క్లాసులో సగం మంది కాగితం మీద ఉన్నది ఉన్నట్టు 1.12, పవర్, 1, ÷, 12, = అని కొట్టేస్తారు. మిషను 1.12 పవర్ 1 ముందు చేసి, దాన్ని 12తో భాగిస్తుంది. జవాబు 0.0933. తెర మీద ఎర్రర్ అని పడినా బాగుండేది, ఉలిక్కిపడి సరిదిద్దుకుంటారు. ఇది మాత్రం అచ్చం వడ్డీ రేటులాగే ఉంటుంది, 9.33 శాతం అని నిక్షేపంగా రాసేసి తర్వాతి లెక్కకి వెళ్లిపోతారు. ఏఓఎస్ పెట్టుకున్నా ఇక్కడ కాపాడదు. సరైన వరస ఇదీ:

1.12, పవర్, 12, వన్ బై ఎక్స్, =

1.009488793 వస్తుంది. బ్రాకెట్లో 1 ÷ 12 కొట్టినా వస్తుంది గానీ, మూసే బ్రాకెట్ మర్చిపోయేవాళ్లని చాలామందిని చూశాను. నా క్లాసులో బ్రాకెట్లు నిషేధం.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. దశాంశాలు రెండే ఉంచుకున్న ఓ కుర్రాడికి తెర మీద 1.01 కనిపించింది. "మాస్టారూ, 12ని 12తో భాగించినా ఒక శాతమే కదా, ఈ మూలం తీయడం ఎందుకు?" అన్నాడు. ఆ 1.01ని మళ్లీ కొట్టి, పవర్ 12 చెయ్యమన్నాను. 1.1268 వచ్చింది. పది లక్షల మీద ఏడాదికి 6,825 రూపాయలు ఎక్కువ! మిషను లోపల 13 అంకెల దాకా పట్టి ఉంచుతుంది, తెర మీద కుదించి చూపిస్తుందంతే. అందుకే మధ్యలో వచ్చిన జవాబుని కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టకండి. ఎస్‌టీఓ 1 అని దాచి, కావలసినప్పుడు ఆర్‌సీఎల్ 1 అని తీసుకోండి. 0 నుంచి 9 దాకా పది అరలున్నాయి.

మైనస్ పవర్‌కి తీసివేత కీ వాడకూడదు. దానికి ప్లస్, మైనస్ కలిపి రాసిన కీ వేరే ఉంది, అదీ అంకె తర్వాతే. అయిదేళ్ల తర్వాత చేతికొచ్చే లక్షకి 8 శాతం చొప్పున ఇవాళ్టి విలువ: 1.08, పవర్, 5, ప్లస్-మైనస్, × 100000 =. వచ్చేది 68,058.32.

హెచ్‌పీ 12సీ వాడేవాళ్లు ఇదంతా చదివి నవ్వుకుంటారని తెలుసు. 1981లో వచ్చిన ఆ మిషనుకి = కీయే లేదు. అంకెలు రెండూ ఇచ్చాకే ఏం చెయ్యాలో చెప్పాలి, కాబట్టి బ్రాకెట్ల గొడవే లేదంటారు. నిజమే. కానీ జీవితమంతా = కొట్టిన వేలు పరీక్ష రోజున దాని కోసమే వెతుకుతుంది. నేను ఆర్నెల్లు వాడి పక్కన పెట్టేశాను.

ఇక అన్నీ కలిపి ఒక లెక్క. మధురవాడలో ఫ్లాటుకి పది లక్షల లోను, 9 శాతం, 20 ఏళ్లు. నెలకి 0.0075, వాయిదాలు 240. నెలవారీ వాయిదా ఎంత? సూత్రం: లోను × నెల రేటు ÷ (1 − (1 + నెల రేటు) పవర్ −240). సూత్రాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతూ కొట్టకండి, అన్నిటికంటే లోపలున్న ముక్కతో మొదలెట్టండి.

1.0075, పవర్, 240, ప్లస్-మైనస్, = (0.1664 వస్తుంది)
ప్లస్-మైనస్, + 1 = (0.8336)
వన్ బై ఎక్స్, × 7500 =

ఆ 7500 మొదటి నెల వడ్డీ. జవాబు 8,997.26. నమ్మకం కుదరకపోతే మిషనులో ఉన్న లోను లెక్కల కీలతో సరిచూసుకోండి: సెకండ్, క్లియర్ టీవీఎం కొట్టి (పాత అంకెలు పోతాయి), పీ/వై (ఏడాదికి వాయిదాల సెట్టింగు) 1 ఉందని చూసుకుని, ఎన్‌లో (వాయిదాల సంఖ్య) 240, ఐ/వైలో (వడ్డీ) 0.75, పీవీలో (లోను మొత్తం) 1000000 పెట్టి, సీపీటీ (లెక్కించు), పీఎంటీ (వాయిదా) నొక్కండి. అదే అంకె మైనస్‌తో వస్తుంది. మైనస్ ఎందుకొచ్చింది మాస్టారూ అని అడక్కండి, నెలనెలా మీ జేబులోంచి పోయే డబ్బే కదా అది.